నా నోట్లో అక్క పళ్ళు

నోరు నాది. దవడ నాది. ఆ దవడలోకి దించిన స్క్రూలు నావి, అవి ఎముకలో కుదురుకునేదాకా నెలల తరబడి మింగిన చప్పిడి తిండీ నాదే. మరి అందులో ఎలాంటి పళ్ళు పెట్టాలో నన్ను అడగాలా వద్దా? అబ్బే! డాక్టరు మా అబ్బాయిని అడుగుతాడు.

"అమ్మగారికి నొప్పేమైనా ఉందా?" అంటాడు, వాడివైపు తిరిగి. మా వాడు నావైపు చూడనైనా చూడకుండా "అబ్బే, లేదండీ" అంటాడు. కుర్చీలో వెల్లకిలా పడుకున్నది నేను, జవాబులేమో వాడివి. నా నోట్లో డాక్టరు వేళ్ళుండబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఇద్దర్నీ కలిపి కడిగేసేదాన్ని.

తీసి పెట్టుకునే పళ్ళసెట్టుతో నేను పడని పాట్లు లేవు. తుమ్మితే జారేది, గట్టిగా తిడితే ఊడేది. మనిషన్నాక తిట్టకుండా ఎలా ఉంటాం? అందుకే ఊడని పళ్ళకి ఒప్పుకున్నాను. ముందు మైనంలో పళ్ళు గుచ్చి, నోట్లో పెట్టి చూపిస్తారు. మనం సరేనంటే అదే పోలికలో గట్టివి చేసి స్క్రూలకి బిగించేస్తారు. బిగించాక ఇక పోయేదాకా అదే మొహం. అంటే ఏం చెప్పినా ఈ మైనం రోజునే చెప్పాలి.

నర్సమ్మ అద్దం చేతికిచ్చింది. చూసుకున్నాను. అద్దంలోంచి మా అక్క నవ్వుతోంది.

"ఎవర్ని చూసి చేశారివి?" అన్నాను. మైనం అడ్డం ఉన్నా మాట ఖణేల్మని వచ్చింది. బతుకంతా పెదాల మధ్య గుండుసూదులు బిగబట్టుకుని బట్టలు కుట్టినదాన్ని, గిరాకీలతో పోట్లాటలు కూడా అలాగే ఆడినదాన్ని. మైనం నాకొక లెక్కా?

డాక్టరు ఉలిక్కిపడ్డాడు. "మీ అబ్బాయిగారే పాత ఫోటో ఇచ్చారమ్మా."

మా వాడు ఫోన్లో ఆ ఫోటో చూపించాడు.

"ఇది పెద్దమ్మ కదరా!"

"నువ్వు నవ్విన ఫోటో ఒక్కటీ దొరకలేదమ్మా. ఎందులో చూసినా మూతి బిగించుకునే ఉన్నావు. పెద్దమ్మది దొరికింది. అక్కచెల్లెళ్ళే కదా అని..."

అక్కచెల్లెళ్ళే కదా! అక్కకి పొట్టైన గౌను నాకు. అక్క చదివేసిన పుస్తకం నాకు. అక్క అరగదీసిన చెప్పులు నాకు. ఆ గౌన్లని నా కొలతకి తెచ్చుకునే తంటాల్లోనే నాకు కుట్టుపని వచ్చింది. ఇప్పుడు పళ్ళు కూడా ఆవిడవేనా?

"ఈ వరస చాలా అందంగా ఉందమ్మా, అందరూ ఇలాంటివే అడుగుతారు" అన్నాడు డాక్టరు.

"అయితే వాళ్ళకే పెట్టండి. నాకు పన్ను మీద పన్నుండేది. దారం అక్కడ పెట్టి కొరికితే టక్కున తెగేది. అది కావాలి."

"వంకర పన్ను కావాలని ఇంతవరకూ ఎవరూ రాలేదమ్మా." నవ్వు ఆపుకుంటున్నాడు. "సరే, ఎటుపక్క?"

వేలు పైకెత్తాను. వేలు అక్కడే ఆగిపోయింది. కుడా? ఎడమా? ఆ పళ్ళు పోయి ఎంత కాలమైందని! వాటిని నేను చూసుకున్నది అద్దంలోనే, అదీ తల దువ్వుకునేటప్పుడు హడావిడిగా. నా మీద నాకే ఒళ్ళు మండింది.

"ఒరేయ్, ఎటుపక్కరా?"

మా వాడు తెల్లమొహం వేశాడు. "నీకలాంటి పన్నుండేదా అమ్మా?"

కన్నకొడుకు! నా చంకలో పెరిగినవాడు, ఈ మొహం చూస్తూ అన్నం తిన్నవాడు! లేచి రెండు తగిలించాలనిపించింది. వాడి ఫోన్ లాక్కుని అక్కకి వీడియో కాల్ చేశాను. అక్కకీ నాకూ మాటల్లేవు. కారణం చెబితే నవ్వుతారు, చెప్పను.

అక్క తెర మీదికొచ్చింది. పలకరింపులేం లేవు.

"నా పన్ను మీద పన్ను ఎటుపక్క ఉండేది?"

"ఎడమపక్క" అంది తడుముకోకుండా. "పై వరసలో, కోరపన్ను పక్కది. ముందు పన్ను మీదికెక్కి ఉండేది. ఎందుకే?"

"నీకెలా గుర్తుంది?"

"నా చెయ్యి కొరికావు కదే! మచ్చ ఇంకా ఉంది."

నేను మర్చిపోయిన మొహం, నా కొడుకు చూడని మొహం ఒక్క మనిషికి గుర్తుంది. నేను మాట మానేసింది ఆ మనిషితోనే. కోపమో ఏమో, కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఆ డాక్టరు గారి ముందు ఫోన్ పెట్టు" అంది అక్క.

డాక్టరు నా నోట్లోంచి ఆ పళ్ళు తీసి, మైనం వేడిచేసి పన్ను జరిపాడు. "ఇంకా ముందుకి" అంది. జరిపాడు. "అంత కాదు. కాస్త ఓరగా తిప్పండి." తిప్పాడు. అక్క ఫోన్ మొహానికి దగ్గరగా పెట్టుకుని కళ్ళు చిట్లించింది. "ఆఁ, చాలు. ఏదీ, ఇప్పుడు నోట్లో పెట్టండి... నవ్వవే."

"నవ్వను."

"నవ్వకు. కొరకడానికొచ్చినట్టు చూపించు."

చూపించాను. అక్క తన చేతి మీది మచ్చ తడుముకుంది.

"అదుగో" అంది. "అదీ మా చెల్లెలు."