గేటు దాటిన దూది

మిల్లు ఎనిమిది గంటల కూత కూసి, లోపలికి పోవలసినవాళ్లంతా పోయాక, జిలాని బాషా హోటలు ముందు బెంచీలు ఖాళీ అయ్యేవి. అప్పుడు రిటైరైనవాళ్లు ఒక్కొక్కరే వచ్చి కూర్చునేవారు. ఎమర్జెన్సీ పోయిన తర్వాతి రోజులవి. ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే రోడ్డు మీద ఆ నూలు మిల్లు, దానికి ఎదురుగా ఈ హోటలు. పనిలేకపోయినా కూత వినబడగానే లేచి, నీళ్లు పోసుకుని, తల దువ్వుకుని, మిల్లు ఎదుటికి వచ్చి కూర్చోవడం వాళ్లు మానలేకపోయారు. ఇళ్లలో ఆడవాళ్లకూ అదే హాయిగా ఉండేది. మగవాడు పగలంతా ఇంట్లో ఉంటే పోపులో ఆవాలు ఎన్ని వేయాలో కూడా చెప్పడం మొదలుపెడతాడు.

టీ తాగుతూ ముచ్చట్లు చెప్పుకునేవారు. మాట్లాడుతుంటే నోళ్లలోంచి దూది వచ్చేది. మిల్లులో బతుకంతా గడిపినవాళ్లకు రిటైరైన కొన్నాళ్లకు అది మొదలయ్యేది. బేళ్లు విప్పి దూది దులిపే గదిలో చేసినవాళ్లకు పింజలు పింజలుగా వచ్చేది. నూలు వడికే చోట చేసినవాళ్లకు సన్నటి పోగులుగా వచ్చేది. ఆఫీసులో కూర్చున్నవాళ్లు తుమ్మితే కాస్త నూగు రాలేది, అంతే. ఎండ ఎక్కాక బాషా బెంచీల కింద ఊడ్చి గోతంలో వేసుకునేవాడు. ఇళ్లలో ఆడవాళ్లు దిండ్లు కుట్టుకునేవారు. నవ్వితే దూది ఎక్కువ వస్తుందని, దిండు సగంలో ఆగినప్పుడు మొగుళ్లను కూర్చోబెట్టి నవ్వించేవారు. ఆ వీధుల్లో నవ్వుకు అదొక ఉపయోగం ఉండేది.

శేషన్న ఇంట్లో మాత్రం ఎవరూ నవ్వడం లేదు. దూది దులిపే గదిలో ముప్ఫై ఏళ్లకు పైగా చేసిన మనిషి. అతనికి మాటతోనే కాదు, ఊపిరితోనే దూది వచ్చేది. రెండు మాటలు అంటే దగ్గు, దగ్గితే పింజ. దిండ్లన్నీ ఎప్పుడో నిండిపోయాయి. ఇరుగుపొరుగు వాళ్లకు ఇచ్చి ఇచ్చి భార్య సుంకమ్మకు విసుగొచ్చింది. మనిషి చిక్కిపోతున్నాడు, దూది తరగడం లేదు.

మిల్లు ఆవరణలోనే ఒక దవాఖానా ఉంది. అందులో ఎదజబ్బులు తెలిసిన డాక్టరు, మంచాలు, ఊపిరి అందనివాళ్లకు పెట్టే ఆక్సిజన్ సిలిండరు ఉన్నాయి. కానీ పని మానేసి, హాజరుకు చూపించే ఇత్తడి బిళ్ల అప్పగించిన రోజుతో ఆ తలుపు మూసుకుపోతుంది. ఊళ్లో పెద్దాసుపత్రికి పోతే ఎర్రమందు ఇచ్చి కర్నూలు పొమ్మన్నారు. శేషన్న బస్సు మెట్టు ఎక్కలేడు. ఆ వానకాలంలోనే వీరన్న అనే తోటివాడు బాషా హోటలు బెంచీ మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే ప్రాణం విడిచాడు. అక్కడినుంచి చూస్తే దవాఖానా కిటికీ కనబడుతుంది. లోపల నర్సు దుప్పటి మడత పెట్టడం కూడా కనబడింది.

వీరన్న పోయాకనే భీమరావు సంఘం పెడదామన్నాడు. మిల్లులో హాజరు పుచ్చుకునే గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. అర్జీలు రాయడం తెలుసు, ఎవరు ఏ షిఫ్టులో చేసిందీ గుర్తుంది. ఎమ్మిగనూరుకు బస్సులో పోయి, గడప ముందు తెల్లగా నూగు పడివున్న ఇళ్లను చూసుకుంటూ తలుపులు తట్టి, అక్కడివాళ్లనూ చేర్చుకున్నాడు. సంఘానికి ఏం పేరు పెట్టాలా అని ఒక నెల కొట్లాడుకున్నారు. అడగవలసింది మాత్రం ఒకటే అన్న విషయంలో ఎవరికీ గొడవ లేదు. దవాఖానా తలుపు తెరవాలి. ముందుగా శేషన్నకు తెరవాలి, ఎందుకంటే అతనికి ఎక్కువ రోజులు లేవు.

అధ్యక్షుడుగా గఫూర్ సాబ్‌ను పెడదామని భీమరావు అన్నప్పుడు మాత్రం బెంచీల మీదివాళ్లు టీ గ్లాసులు కింద పెట్టేశారు.

గఫూర్ సాబ్ ఒకప్పుడు మిల్లు గేటు జమాదారు. షిఫ్టు విడిచినప్పుడు ఒక్కొక్కణ్ణీ ఆపి సోదా చేసి బయటికి వదలడం ఆయన పని. చేతులు పైకెత్తమని చంకలు, జేబులు, తలగుడ్డ మడతలు తడిమేవాడు. మిషన్ల రొదకు తాళలేక చెవుల్లో దూది పెట్టుకునేవారు కదా, గేటు దగ్గర దాన్ని కూడా తీయించి బుట్టలో వేయించేవాడు. మిల్లులో ఒక నియమం ఉండేది. సరుకుతో దొరికినవాడు, ఆ సరుకు అప్పజెప్పి ఆఫీసరు సరేననేదాకా గేటు దాటకూడదు. ఒకసారి శేషన్న ఎడమ చెవిలో దూది మరిచిపోయాడు. గఫూర్ సాబ్ అతణ్ణి గేటు గదిలో కూర్చోబెట్టేశాడు. ఆఫీసరు మరుసటి పొద్దున గానీ రాలేదు. సుంకమ్మ సద్దిగిన్నె పట్టుకుని గేటు బయటే నిలబడింది. ఆమె ఆ తర్వాత ఎన్నడూ గఫూర్ సాబ్ ముఖం చూడలేదు.

గేటు దగ్గర గాలిలో నిలబడ్డ మనిషి కాబట్టి ఆయనకు దూది రాదు. రిటైరయ్యాక బెంచీల దగ్గరికి రాలేదు, ఎవరూ పిలవనూ లేదు. తన ఇంటి అరుగు మీదే కూర్చునేవాడు. మంచివాడో చెడ్డవాడో అని ఆయన గురించి ఎవరూ ఆలోచించలేదు. గేటు గురించి ఎవరు ఆలోచిస్తారు?

"ఆఫీసర్లు నమ్మేది ఆయన్నొక్కణ్ణే అప్పా. మనం పోతే గేటు కాడనే నిలబెడతారు" అన్నాడు భీమరావు.

శేషన్న ఇంటికి పోయి చెబితే సుంకమ్మ ఒప్పుకోలేదు. ఆయన చేయి పెట్టిన పని తమకు అచ్చిరాదని అంది. అప్పుడు గోడకు ఆనుకుని కూర్చున్న శేషన్న చేయెత్తాడు.

"రానీ. ఆయన డ్యూటీ ఆయన సేసినాడు" అన్నాడు. ఆ మాటతో వచ్చిన దగ్గు ఆగేసరికి సుంకమ్మ కొంగు నిండా దూది. ఆమె కొంగు దులుపుకుని లోపలికి పోయింది.

గఫూర్ సాబ్ వచ్చాడు. ఆయన్ను ముందు పెట్టుకుని సంఘంవాళ్లు ఆఫీసరు సేతుమాధవరావు గదిలోకి పోయారు. పని అక్కడే చెడింది. మిషన్ల మధ్య బతికినవాళ్లకు మెల్లగా మాట్లాడటం రాదు. చెవులూ మందగించాయి. దండం పెట్టి బతిమాలడం కూడా కేకలేసి బతిమాలారు. ఆఫీసరు కొట్లాటకు వచ్చారనుకుని వాచ్‌మన్‌ను పిలిచాడు. అందరూ ఒకేసారి మాట్లాడేసరికి గదినిండా దూది. ఫ్యాను కింద అది తిరుగుతుంటే ఆయన కాగితాల మీద చేతులు అడ్డం పెట్టుకుని, ముందు ఫ్యాను ఆపమన్నాడు.

సేతుమాధవరావు చెడ్డమనిషేమీ కాదు. అందరికీ టీ తెప్పించాడు. భీమరావును మీది మంత్రాలయం పక్కనేనా అని అడిగాడు. కానీ ఆయనకు నియమం అంటే ప్రాణం. పని మానేసిన రోజుతో మిల్లుకూ మీకూ సంబంధం తీరిపోయిందన్నాడు. "మిల్లుది మీ దగ్గర ఏమీ లేదు, మీది మిల్లు దగ్గర ఏమీ లేదు. ఏ సంబంధంతో తలుపు తెరవమంటారు?" అని నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగాడు. భీమరావు అర్జీని బల్ల మీద పెట్టి అందరినీ బయటికి తీసుకొచ్చాడు.

గేటు బయట తోపుడుబండి మీద శేషన్న పడుకుని ఉన్నాడు. సుంకమ్మ కొంగుతో ఎండ అడ్డం పట్టుకుని నిలబడి ఉంది. "ఏమన్నారన్నా?" అని శేషన్న గఫూర్ సాబ్‌ను అడిగాడు. ఆ ఊపిరితో వచ్చిన పింజ ఒకటి గఫూర్ సాబ్ చొక్కా చేతి మీద వాలింది. ఆయన దాన్ని వేళ్ల మధ్య నలిపి చూశాడు. ఆయన ఆ దూదిని చేత్తో పట్టుకుని చూడటం అదే మొదటిసారి. బెంచీల దగ్గరికి ఎప్పుడూ రాలేదు కదా. పింజను గుప్పిట్లో పట్టుకుని ఇంటికి పోయాడు.

రెండు రోజులు ఆయన అన్నం తినలేదని భార్య అమీరున్నీసా తర్వాత చెప్పింది. అరుగు మీద కూర్చుని అరచేతులు తిప్పి తిప్పి చూసుకునేవాడట. ఏమైందని అడిగితే, ఈ చేతుల కిందనుంచే పోయిందని మాత్రం అనేవాడట. తన కళ్లు కప్పి గుప్పెడు దూది గేటు దాటలేదన్నదే ఆ మనిషి బతుకులో ఉన్న ఒక్క గర్వం. ఇప్పుడు అది కూడా లేకుండా పోయింది.

మూడోరోజు ఆయన పాత ఖాకీ చొక్కా ఇస్త్రీ చేయించి తొడుక్కుని, టోపీ పెట్టుకుని శేషన్న ఇంటికి వచ్చాడు. బండి మీద పడుకోబెట్టమన్నాడు. షిఫ్టు మారే వేళ సేతుమాధవరావు గేటు దగ్గర నిలబడి ఉంటాడని ఆయనకు తెలుసు. బండిని గేటులోంచి లోపలికి తోసుకుపోయాడు. జమాదారు టోపీని చూసి వాచ్‌మన్ అడ్డు తప్పుకున్నాడు. లోపలికి పోయాక బండిని మళ్లీ గేటు వైపుకు తిప్పాడు, బయటికి పోయేవాళ్లను నిలబెట్టేచోట ఆపాడు. అందరూ చూస్తుండగా శేషన్నను సోదా చేయడం మొదలుపెట్టాడు. జేబులు చూశాడు, చంకలు చూశాడు, రెండు చెవులూ చూశాడు. చివరికి చేయి ఎద మీద పెట్టి ఆపాడు.

"సార్, ఈయప్ప దగ్గర మిల్లు సరుకు ఉండాది" అన్నాడు.

సేతుమాధవరావు దగ్గరికి వచ్చాడు.

"ఇన్నేండ్లు నేను జేబులు సూసినాను, సెవులు సూసినాను. ఎద మీద సెయ్యి పెట్టి సూడల్యా. నా డ్యూటీలోనే పోయిండాది సార్ ఇదంతా. నాకేం శిక్ష ఏస్తారో ఏయండి." టోపీ తీసి ఆఫీసరు చేతుల్లో పెట్టాడు. ఆయన కళ్లనుంచి నీళ్లు కారుతున్నాయి. "ఈయప్పను మాత్రం నేను గేటు దాటనీను. సరుకు దిగేదాకా లోపలే ఉండల్ల. రూలు అది."

ఇదంతా గఫూర్ సాబ్ ఎత్తు అని ఇప్పటికీ ఆదోనిలో కొందరు మెచ్చుకుంటారు. నేను ఒప్పుకోను. ఎత్తులు వేయడం తెలిసిన మనిషైతే అన్నేళ్లు అంతమంది చేత తిట్టించుకుంటూ ఆ గేటు దగ్గర నిలబడడు. ఆయనకు తప్పు జరిగిందని తెలిసింది. తప్పు జరిగితే ఏం చేయాలో ఆయనకు తెలిసింది అదొక్కటే.

షిఫ్టువాళ్లంతా ఆగిపోయారు. శేషన్న ఊపిరికి పింజ పైకి లేచి ఆఫీసరు బూట్ల దగ్గర పడింది. సేతుమాధవరావు వంగి దాన్ని తీసుకున్నాడు. మిల్లు సరుకేనా అని చూడవలసిన పని ఆయనకూ లేకపోయింది. సరుకు దిగడానికి ఎన్నాళ్లు పడుతుందని అడిగాడు. తెలియదన్నాడు గఫూర్ సాబ్. గేటు గదిలో మనిషి పడుకునే చోటు లేదని వాచ్‌మన్ చెప్పాడు.

"అయితే దవాఖానాలో ఉంచండి" అన్నాడు సేతుమాధవరావు. కొత్త బేళ్లు ఎక్కడ దించాలో చెప్పినంత మామూలుగా అన్నాడు. టోపీ గఫూర్ సాబ్‌కు తిరిగి ఇచ్చేశాడు.

శేషన్నను లోపల మంచం మీద పడుకోబెట్టారు. డాక్టరు ఆక్సిజన్ పెట్టాడు, ఆవిరి పట్టించాడు, సూదులు వేశాడు. వచ్చిన దూదిని పళ్లెంలో పట్టి సాయంత్రం గోడౌనుకు పంపేవారు. దొరికినవాడి ఇంటివాళ్లను లోపలికి రానివ్వరు కాబట్టి సుంకమ్మ గేటు బయటే నిలబడేది. మొదటి రోజు సద్దిగిన్నె వాచ్‌మన్ చేతికి ఇద్దామని చూసింది. అక్కడ గఫూర్ సాబ్ నిలబడి ఉన్నాడు. ఆమె కొంచెంసేపు గిన్నె పట్టుకునే ఉంది. తర్వాత తలెత్తి ఆయన ముఖం చూసింది.

"అన్నా, రొట్టె మెత్తగా తుంచి పెట్టు. నమలలేడు" అంది.

ఆయన రెండు చేతులతో గిన్నె అందుకున్నాడు. ఆనాటి నుంచి పూటపూటా ఆయనే తీసుకుపోయి తినిపించాడు.

సంఘం అర్జీకి మిల్లు ఎన్నడూ జవాబు ఇవ్వలేదు. ఇవ్వవలసిన అవసరం రాలేదు. ఎవరికి ఊపిరి అందకపోతే వాళ్లను భీమరావు గేటులోపలికి తీసుకుపోయేవాడు, గఫూర్ సాబ్ ఎద మీద చేయి పెట్టేవాడు, ఆఫీసరు తల ఊపేవాడు. ఎమ్మిగనూరు నుంచి బస్సెక్కి దొరికిపోవడానికి వచ్చేవాళ్లు. అందరూ బాగుపడ్డారని చెప్పను. కొందరు ఆలస్యంగా వచ్చి ఆ మంచాల మీదే పోయారు. కానీ వీరన్నలా రోడ్డు అవతలినుంచి కిటికీ చూస్తూ ఎవరూ పోలేదు.

శేషన్న చలికాలమంతా లోపలే ఉన్నాడు. జొన్నకోతలు అయ్యాక ఒకరోజు సరుకు దిగిందని డాక్టరు చెప్పాడు. ఎవరి భుజమూ పట్టుకోకుండా నడిచి ఇంటికి వచ్చాడు. పప్పు, రొట్టె తిని, మధ్యాహ్నం చాప మీద పడుకుని నిద్రపోయాడు.

సుంకమ్మ వంటింట్లో గిన్నెలు తోముతోంది. ఉన్నట్టుండి ఆమె చేతులు ఆగిపోయాయి. ఇంట్లో చప్పుడు లేదు. పెళ్లయిన కొత్తలో తప్ప, ఆ మనిషి పడుకుంటే గురక, పిల్లికూతలు, దగ్గు లేని పూట ఆమె ఎరగదు. తడి చేతులతోనే పరుగెత్తి వచ్చింది. శేషన్న వెల్లకిలా పడుకుని ఉన్నాడు, కదలడం లేదు.

అతని ముక్కు దగ్గర వేళ్లు పెట్టింది. వెచ్చగా తగిలింది. దూది లేదు, పోగు లేదు, గాలి ఒక్కటే. అది పోయి, మళ్లీ వచ్చి, ఆమె తడి వేళ్లను మెల్లగా ఆరబెడుతోంది. సుంకమ్మ పక్కనే కూలబడింది. చేయి తీస్తే ఆగిపోతుందేమోనన్నట్టు అలాగే పెట్టుకుని, అతను లేచేదాకా అక్కడే కూర్చుంది.