ఉత్తుత్తి అమ్మ

గోథెన్‌బర్గ్‌లో ఆ సోమాలీ టీకొట్టులో కూర్చునే మగాళ్లంతా ఆడపిల్లల సున్తీకి బద్ధ వ్యతిరేకులు. వాళ్ల ఆవేశానికి పొయ్యి లేకుండానే టీ మరిగేది. స్వీడన్ చలి కూడా ఆ కొట్టు ముందు నుంచి తప్పుకుపోయేది. కానీ ఆ మాట ఇంట్లో ఎత్తిన మగాడు మాత్రం వాళ్లలో ఒక్కడూ లేడు. అది ఆడవాళ్ల సంగతి. మగాడు నోరు విప్పితే సిగ్గుచేటు.

వాళ్లలో ఒకడైన గులేద్‌కి ఇవాళ నోరు విప్పక తప్పదు. భార్య, కూతురు సగల్ సెలవులకి సొంతూరు బురావోలో అతని తల్లి దగ్గరికి వెళ్లారు. "సగల్‌కి సున్తీ చేయించాలని అత్తమ్మ కోత మనిషికి కబురు పెట్టింది. నేను కాళ్లు పట్టుకున్నా వినట్లేదు. నువ్వు వద్దంటేనే ఆగుద్ది" అని పొద్దున్నే భార్య ఫోన్లో ఏడ్చింది. నమాజయ్యాక తల్లే ఫోన్ చేస్తుందట.

అందుకే కొట్టులో సాధన మొదలైంది. స్నేహితుడు పొడుగు వార్సమే బల్లమీది గుడ్డ తీసి నెత్తిన కప్పుకున్నాడు.

"ఏరా గులేదూ, చలిదేశం పోయి తల్లిని మరిచావా?"

గొంతు ఎంత అచ్చంగా కుదిరిందంటే, కొట్టు యజమాని సిగరెట్ దాచేశాడు.

"అమ్మా, సగల్ జోలికి రావద్దు."

"కొయ్యకపోతే దాన్నెవడు చేసుకుంటాడ్రా?"

"దాని పెళ్లి బెంగ నీకెందుకు? వద్దంటే వద్దు!"

చప్పట్లు. చివరికి ఉత్తుత్తి అమ్మ వెక్కివెక్కి ఏడ్చి, శుక్రవారంలోగా ఆఫ్రికా మొత్తం మాన్పిస్తానని ఒట్టేసింది.

"అవున్రా పొడుగోడా, మరి నీ కూతుళ్లకి?" అన్నాడు యజమాని.

"మా ఆవిడకే తెలియాలి. నేనెప్పుడూ అడగలేదు" అంది గుడ్డలోంచి గొంతు.

ఎవరూ నవ్వకముందే ఫోన్ మోగింది. గులేద్ లేచి నిలబడ్డాడు.

"అమ్మా! ఒంటెలు బాగున్నాయా?"

"బాగున్నాయి నాయనా."

"మేకలో? వాన పడిందా?"

మేకలన్నిటి క్షేమం విడివిడిగా కనుక్కున్నాడు. తర్వాత పక్కింటివాళ్ల మేకలదీ కనుక్కున్నాడు.

"ఆ మనిషి వచ్చి గుమ్మంలో కూర్చుంది. నువ్వేమన్నా చెప్పాలా?" అంది తల్లి.

వార్సమే గుడ్డ ఊపుతూ 'చెప్పు, చెప్పు' అని సైగలు చేశాడు. గులేద్ నోరు తెరిచాడు.

"మోకాళ్లు జాగ్రత్తమ్మా."

"చల్లగా ఉండు నాయనా. నా కొడుకు కాదనలేదని నీ పెళ్లానికి చెప్తాలే."

ఫోన్ పెట్టేసింది. వార్సమే గుడ్డ మడతలు సర్ది బల్లమీద పరవబోయాడు.

"ఒక్కసారి కప్పుకోరా" అన్నాడు గులేద్.

కప్పుకున్నాడు.

"అమ్మా, వద్దు" అన్నాడు గులేద్, స్పష్టంగా.

ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు.