కూతురి గొంతుతో

ఫోన్‌లో నా గొంతూ నా కూతురి గొంతూ ఒకేలా ఉంటాయి. అల్లుడే ఎన్నోసార్లు పొరబడ్డాడు. ఆ పోలికను నేను ఒక్కసారి వాడుకున్నాను.

మహమ్మారి వచ్చిన ఏడాది అది. నా కూతురికి తొమ్మిదో నెల. ఆసుపత్రిలో కాన్పుల వార్డు సగం జ్వరాల వాళ్ళకు ఇచ్చేశారు. గర్భిణులకు పరీక్షలు ఆపేసి, వారానికోసారి నర్సు ఫోన్ చేసి అడిగేది. కాళ్ళు వాచాయా, తలనొప్పి ఉందా, బిడ్డ ఎన్నిసార్లు కదిలింది? అనుమానం ఉంటేనే రమ్మనేది.

ఆ రమ్మనడమంటేనే నాకు గుండెదడ. వీధి చివరి ఇంటి కోడలు కాన్పుకు వెళ్ళి జ్వరంతో తిరిగొచ్చిందని విన్నప్పటి నుంచి అన్నం సహించలేదు. మిషన్ మీద మాస్కులు కుడుతున్నా మనసు ఆ వార్డులోనే తిరిగేది. పాలప్యాకెట్లు సబ్బుతో కడిగేదాన్ని. తలుపు గడియ తుడిచిందే తుడిచేదాన్ని.

"మా ఆయన లారీ దిగి వస్తే ఆయన్నీ బకెట్లో నానబెట్టి ఆరేస్తావేమో!" అని నవ్వేది నా కూతురు.

"ఆరేస్తాను. నవ్వు, నవ్వు. నీ వాటా భయం కూడా నేనే పడుతున్నాగా, నీకేం!"

ఆ మంగళవారం మాత్రం అది నవ్వలేదు. "అమ్మా, నిన్నటి నుంచి లోపల కదలడం తగ్గింది. ఇవాళ నర్సమ్మ ఫోన్ చేస్తే చెప్తా."

"నెలలు నిండాక చోటు చాలదే. ముడుచుకు పడుకుంటారు. నువ్వూ అంతే," అన్నాను. మా అమ్మ అనేది, నేనూ అన్నాను. నిజమో కాదో ఎవరినీ అడగలేదు.

ఫోన్ మోగేసరికి అది స్నానాల గదిలో ఉంది. నేనే ఎత్తాను. నర్సు నా కూతురి పేరు పలికి, "నువ్వేనా అమ్మా?" అంది.

"నేనే," అన్నాను. ఆ ఒక్క మాట అన్నాక మిగతావి వాటంతటవే వచ్చేశాయి.

"బిడ్డ బాగా కదులుతోందా? లెక్కపెట్టావా?"

"పన్నెండు సార్లు."

ఆ పన్నెండు ఎక్కడి నుంచి ఊడిపడిందో దేవుడికే తెలియాలి. "సరే, బయటికి రాకు. వచ్చే వారం చేస్తాను," అంది. ఆ మాటతో నా ప్రాణం కుదుటపడింది.

తల తుడుచుకుంటూ వచ్చిన పిల్ల, "నర్సమ్మేనా? తగ్గిందని చెప్పావా?" అని అడిగింది.

"చెప్పాను. పర్లేదంది. ఇంట్లోనే ఉండమంది."

నమ్మింది. నన్ను నమ్మక ఎవర్ని నమ్ముతుంది?

మర్నాడు పొద్దున పొట్ట మీద రెండు చేతులూ వేసుకుని మంచం మీద కూర్చుంది. "అమ్మా, రాత్రి నుంచి అసలు కదలడమే లేదు."

పక్కింటాయన కారులో పరిగెత్తాం. గేటు దగ్గర కాపలా అతను నన్ను ఆపేశాడు. "పేషెంటు ఒక్కతే లోపలికి."

"తల్లినయ్యా!"

"ఇక్కడ నిలబడ్డ వాళ్ళంతా తల్లులేనమ్మా. గీత దాటకండి."

అది గోడ పట్టుకుని ఒక్కతే నడిచి వెళ్ళింది. కాసేపటికి నా ఫోన్ మోగింది. అదే నర్సు.

"మీ అమ్మాయి మూడు రోజులుగా కదలిక తగ్గిందంటోంది. నిన్న నాతో పన్నెండంది, నేనే రాసుకున్నాను. కంగారులో ఇలా అంటోందా? ఆపరేషన్ థియేటర్ ఒక్కటే నడుస్తోంది, ముందు ఇద్దరున్నారు. ఏది నమ్మాలని డాక్టరమ్మ అడుగుతున్నారు."

కంగారు పడుతోందండీ అంటే చాలు, నా తప్పు బయటపడదు. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. ఇది ఇంతవరకూ ఎవరికీ చెప్పుకోలేదు.

"నిన్న మాట్లాడింది అది కాదండీ. నేను. పన్నెండు అబద్ధం. అది చెప్పేదే నిజం."

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "డాక్టరమ్మా, ఈ అమ్మాయినే ముందు తీసుకోవాలి!" అని అరుస్తూ ఫోన్ పెట్టకుండానే పరిగెత్తింది. ఆమె చెప్పుల చప్పుడు చాలాసేపు నా చెవిలో వినిపించింది.

ఆడపిల్ల. బతికింది. పుట్టగానే ఏడవలేదట. గాజుపెట్టెలో ఉంచారు. ఎదిగేకొద్దీ చూడాలి, ఇప్పుడే ఏమీ చెప్పలేం అన్నారు. వెనక్కి జరిపిన ఆ ఇద్దరూ ఏమయ్యారో అడిగే ధైర్యం నాకు ఇప్పటికీ లేదు.

మూడో రోజు వార్డు నుంచి నా కూతురు ఫోన్ చేసింది. నర్సు దానికి చెప్పేసింది.

"ఒక్క కేక వేస్తే తడిబట్టలతోనైనా వచ్చేదాన్ని కదమ్మా?"

"వస్తే ఉన్నదున్నట్టు చెప్తావు. వాళ్ళు రమ్మంటారు. అక్కడికి వెళ్తే నీకు..."

"నేను పోతాననుకున్నావు."

"అవునే," అన్నాను.

"మరి నా కడుపులోదాని సంగతి?"

అబద్ధం ఆడదామన్నా రాలేదు. అన్ని రోజులూ నా బిడ్డ కోసమే వణికాను. దాని బిడ్డ కోసం అదొక్కతే వణికింది.

"దాని గురించి ఆలోచించలేదమ్మా," అన్నాను.

"పాపకు పాలు తీసి పంపాలి," అని ఫోన్ పెట్టేసింది.