సవతి నెగడు

పొద్దు వాలగానే అథియెంగ్ పిడకలు విరిచి నెగడు వేస్తుంది. ఎవర్నీ చెయ్యి పెట్టనివ్వదు. పిడకలు పేర్చడం ఈ కాలపు ఆడవాళ్ళకి రాదని ఆమె నమ్మకం. యుద్ధంలో కన్నవాళ్ళు తప్పిపోయి, నైలు దాటి శిబిరానికి చేరిన పిల్లలకి దోమలు కుట్టకుండా ఒళ్ళంతా బూడిద పూసేదీ ఆమే.

ఆమె పొగ గాలి మాట వినదు. ఆ నెగడు దగ్గర కూర్చోవలసిన పిల్లలు ఎక్కడ చిక్కుకుపోతే అటు తాడులా సాగుతుంది. సహాయ సంస్థ పడవ నడిపే మకోల్ రోజూ వచ్చి, "అవ్వా, ఇవాళ ఎటు?" అని అడిగి, పొగ వెంట జమ్ము లంకల్లోకి పోయి పిల్లల్ని ఎక్కించుకొస్తాడు.

ఆ సాయంత్రం పొగ నిటారుగా లేచింది.

"అయితే అందరూ వచ్చేసినట్టే," అన్నాడు మకోల్. "మంచిదైంది అవ్వా. రేపట్నించి పడవ అటు పోదు. సైనికులు దిగుతున్నారట."

"నా మనవరాలు రాలేదు," అంది వెనక నుంచి ఒక గొంతు.

అది యార్, అథియెంగ్ సవతి. కాపరానికొచ్చిన కొత్తలో, చుట్టాలందరి ముందూ, అథియెంగ్ వండిన సంకటిలో ఉండలున్నాయంది. ఆనాటి నుంచి అథియెంగ్ ఆమెతో మాట్లాడలేదు. మొగుడు పోయినా, ఊరు తగలబడినా మాట్లాడలేదు.

మకోల్ తల గోక్కున్నాడు. "పొగ చూపించట్లేదు గదమ్మా."

"ఎట్లా చూపిస్తుంది? నా నెగడు వేరు. నా పిల్లలెప్పుడూ ఈ నెగడు దగ్గర కూర్చోలేదు."

యార్ బతిమాలలేదు. నెగడు ముందుకొచ్చి నిలబడింది. అథియెంగ్ నిప్పు ఎగదోసింది, మళ్ళీ ఎగదోసింది.

"మకోల్, ఆవిణ్ణి కూర్చోమను. పొగకి అడ్డంగా ఉంది."

యార్ ఒక వారగా కూర్చుంది.

"అక్కడ కాదు. నా పక్కన."

అథియెంగ్ గుప్పెడు బూడిద తీసి, పిల్లలకి పూసినట్టే చెవుల వెనక కూడా వదలకుండా, సవతికి పూసింది. "మనవరాలి పేరేమిటి?" అంది. పేరు ఆమెకి ఆ పిల్ల పుట్టిన నాడే తెలుసు.

"అలుయెల్, అక్కా."

పొగ వంగింది. ఎదురుగాలిలో నది దాటి దూరపు లంక మీదికి సాగింది. మకోల్ చెప్పులు అక్కడే వదిలి రేవుకి పరిగెత్తాడు.

చీకటి పడకముందే పడవ తిరిగొచ్చింది. అలుయెల్ మోకాళ్ళ దాకా బురదతో దిగింది. చేతిలో దూడ తాడు ఉంది, దూడ లేదు. "ఇంటి వాసనొచ్చింది. అటే నడిచా," అంది.

అథియెంగ్ ముగ్గురికీ సంకటి పెట్టింది. యార్ ఒక ముద్ద నమిలింది. అథియెంగ్ ఆమె నోటి వంకే చూస్తోంది.

"ఉండలున్నాయి," అంది యార్.

"నోరు మూసుకుని తిను."

అలుయెల్ ఇంకొంచెం పెట్టమని పళ్ళెం చాపింది. అథియెంగ్ వెనక పొగ నిటారుగా, తీరిగ్గా పైకి లేస్తోంది.