ముక్కులో చింతపిక్క

చింతపండును రాతి మీద పెట్టడం, చెక్కసుత్తితో ఒక్క దెబ్బ వెయ్యడం, బొటనవేలితో పిక్కను పక్కకి నెట్టడం. పావని పొద్దున్న ఆరింటి నుంచీ అదే పనిలో ఉంది. పిక్కలు ఎడంవైపు కుప్ప, పండు కుడివైపు బుట్టలో. ఎదురుగా కూర్చున్న చిన్నమ్మలు కూడా అదే పని చేస్తూ, మధ్యమధ్యలో వేలు నాకి పులుపుకి ఒక కన్ను మూస్తోంది. చింతపండు రోజుల్లో ఆమె కొండ మీది ఊరి నుంచి కూలికి వస్తుంది. మంచి మాటకారి. కానీ ఈ ఏడాది పావని దగ్గర మాటలు తగ్గించుకుంది.

ముంచింగిపుట్టు సంతవీధిలో వాళ్లది కిరాణా కొట్టు. ముందు కొట్టు, వెనక ఇల్లు, రెంటికీ మధ్య ఈ వసారా. రేపు సంత. కానీ ఆ రోజు ఇంట్లో అందరి కళ్లూ గోడ గడియారం మీదే ఉన్నాయి. పదకొండింటికి పాడేరు బస్సు ఉంది. ఆ బస్సులో అత్త యర్రమ్మ పిల్లలిద్దర్నీ తీసుకుని చోడవరం దగ్గర తన ఊరికి వెళ్లిపోతోంది. నాలుగు రోజులుండి రావడానికి కాదు. తేజను అక్కడి బళ్లోనే వేస్తానంది. దుర్గకు చెవులూ ముక్కూ కుట్టించి బంగారప్పుడక పెట్టిస్తానంది.

"నువ్వు మనిషివయ్యీదాకా నా కాడుంటారు" అంది పావనితో.

అందులో అబద్ధమేమీ లేదు. నాలుగు నెలల కిందట మూడో కాన్పులో పిల్లాడు ఊపిరి లేకుండా పుట్టాడు. నర్సమ్మ ఆ చిన్న ముఖం మీద రబ్బరు సంచీ పెట్టి చాలాసేపు నొక్కింది. పావని పక్కకి తిరిగి చూస్తూనే ఉంది. ఆ తర్వాత ఇంటికొచ్చి వండింది, ఉతికింది, కొట్లో కూర్చుంది. ఎవరేమన్నా "అలాగే" అంది. కూరలో ఉప్పెక్కువైందంటే అలాగే. కరెంటు పోయిందంటే అలాగే. మొన్న అత్త పిల్లల మాట ఎత్తినప్పుడూ "అలాగే అత్తా" అనేసింది. మోహన్‌కృష్ణ అన్నం కలుపుతూ ఆగి పెళ్లాం ముఖంలోకి చూశాడు. ఆమె ఇంకేమీ అనకపోయేసరికి మళ్లీ అన్నం కలుపుకున్నాడు.

అప్పటి నుంచీ పావని లోపల తడుముకుంటూనే ఉంది, పిల్లలు లేకపోతే ఎలా ఉంటుందోనని. తిమ్మిరెక్కిన కాలిని గిల్లి చూసుకున్నట్టు గిల్లి చూసుకుంది. ఏమీ తెలియలేదు.

"పద్నాలుగు! ఒలే, కదలకు. నువ్వు కదిల్తే మల్లీ మొదట్నుంచీ తుయ్యాల!" కొట్లోంచి తేజ గొంతు.

ఆరేళ్ల తేజ, మూడున్నరేళ్ల చెల్లెల్ని గోనెసంచిలోకి దింపి కాటా మీద నిలబెట్టాడు. సంచి మూతిలోంచి దుర్గ తల ఒక్కటే బయటికి ఉంది. చాలా గంభీరంగా ఉంది.

"నాన్నా, సంచి బరువెంత తీసీయాల?"

"ఏటిరా ఆ పని? దింపు దాన్ని."

"మామ్మ అట్టుకెల్లిపోతంది కదా. తూకం రాసుకోకపోతే ఎలగ? తిరిగి తెచ్చినప్పుడు తరుగొస్తే?"

చిన్నమ్మలు ఫక్కున నవ్వింది. మోహన్‌కృష్ణ కూడా నవ్వబోయి, వసారా వైపు చూసి మానుకున్నాడు. లోపల సంచి సర్దుతున్న యర్రమ్మ మాత్రం ఊరుకోలేదు.

"తరుగేటిరా సన్నాసీ! నా కాడ పెరుగుద్ది గానీ తరుగుద్దా? నెయ్యేసి పెంచుతాను."

తేజ కాసేపు ఆలోచించాడు. "అయితే పెరిగినదంతా నీదా మామ్మా, మాదా?"

"మీ అయ్యకి తగ్గ కొడుకువేరా" అంది యర్రమ్మ. ఆ మాటకి పావని కూడా నవ్వాలి. ఇదివరకైతే చేతిలోది పడేసి నవ్వేది. ఇది నవ్వాల్సిన చోటు అని ఆమెకు తెలుస్తూనే ఉంది. సుత్తి ఎత్తి ఇంకో దెబ్బ వేసింది.

సంచిలోంచి బయటపడ్డ దుర్గ వచ్చి చిన్నమ్మలు ముందు గొంతుకూర్చుంది. చిన్నమ్మలు ముక్కుకి రెండువైపులా పుడకలున్నాయి. దుర్గ వాటిని అటు నుంచొకసారి, ఇటు నుంచొకసారి చూసింది.

"నొప్పా?"

"ఎప్పుడో సిన్నప్పుడు. మరిసిపోనాను."

దుర్గ తల ఊపి పిక్కల కుప్ప పక్కకి జరిగింది. తర్వాత ఎక్కడా చప్పుడు లేదు. పిల్లలున్న ఇంట్లో అంతసేపు చప్పుడు లేకుండా ఉంటే మంచిది కాదని పావనికి తెలుసు. తెలిసినా తల ఎత్తలేదు.

"అమ్మా, సూడు."

దుర్గ ఎదురుగా నిలబడి ఉంది. గడ్డం పైకెత్తి, నోటితో గాలి పీలుస్తూ. ముక్కు ఒకవైపు ఉబ్బి ఉంది. లోపల నల్లగా, నున్నగా ఒక చింతపిక్క మెరుస్తోంది.

ముందు కేక వేసింది చిన్నమ్మలు. ఆ కేకకి యర్రమ్మ చేతిలో గౌనుతోనే పరిగెత్తుకొచ్చింది.

"ఓలమ్మో! ముక్కులో పిక్కెట్టీసుకుంది! ఒరే మోహనా, బేగి మిరియాలు దంచుకు రారా. తుమ్మితే వచ్చీద్ది."

మోహన్‌కృష్ణ కొట్లోంచి మిరియాలు తెచ్చి దంచాడు. ముందు అతనికే తుమ్మొచ్చింది. గిన్నెలో ఏముందోనని ముఖం పెట్టి చూసిన తేజ వరసగా ఏడు తుమ్ములు తుమ్మాడు. చిన్నమ్మలు కొంగు అడ్డం పెట్టుకుని రెండు తుమ్మింది. దుర్గ ఒక్కటీ తుమ్మలేదు. అందరినీ వంతులవారీగా చూస్తూ కిలకిలా నవ్వింది. నవ్వినప్పుడల్లా పిక్క ఇంకాస్త లోపలికి పోయింది.

"ఆపరే నవ్వు! దీని దుంప తెగ, ఎలాగ నవ్వుతందో సూడు" అంటూ యర్రమ్మ తన కొప్పులోంచి పిన్ను లాగింది. "అట్టుకో మోహనా, తల కదలకుండా అట్టుకో."

"వద్దత్తా."

అందరూ పావని వైపు చూశారు.

"పిన్నెడితే ఇంకా లోపలికి పోద్ది. అలా ఉంచండి."

ఆమె లేచి చెంబులో నీళ్లతో చేతులు కడుక్కుంది. తొందరపడలేదు. చిన్నప్పుడు తమ్ముడి ముక్కులో శనగగింజ ఇరుక్కుంటే అమ్మ ఏం చేసిందో ఆమె చూసింది. దుర్గను పక్కన నిలబెట్టుకుంది. ఖాళీగా ఉన్న ముక్కుపక్కను వేలితో నొక్కి మూసింది. "పెద్దగా నోరు తెరువు" అని, తన నోరు పిల్ల నోటికి ఆనించి, ఒక్కసారి గట్టిగా ఊదింది.

ఏమీ కాలేదు. దుర్గ నవ్వడం మానేసింది. చిన్న ఛాతీ పావని చేతి కింద టపటపా కొట్టుకుంటోంది. ఆ రబ్బరు సంచీ పైకీ కిందికీ పోవడం ఆమె కళ్ల ముందుకొచ్చింది. అది వచ్చింది, అక్కడే ఉంది. పావని మళ్లీ ఊదింది.

పిక్క టప్పున వచ్చి ఆమె చెంపకు తగిలి కుప్పలో పడింది. చెంప తడిగా ఉంది.

తేజ కుప్ప మీద వాలిపోయాడు. "ఏదదీ? ఏ పిక్కదీ? అన్నీ ఒక్కలాగే ఉన్నాయి!"

దుర్గ అప్పుడు ఏడుపు లంకించుకుంది. నొప్పికి కాదు.

"నా పుడక! నా పుడక ఊదేసింది అమ్మ!"

"పుడకేటే?" అంది యర్రమ్మ.

"మీ ఊరొస్తే పుడకెట్టిస్తానన్నావు కదా. నాను ఇక్కడే ఎట్టీసుకున్నాను." వెక్కుతూ తల్లి వైపు తిరిగింది. "ఎట్టీసుకుంటే ఇంకెల్లక్కర్నేదు కదా, అమ్మా?"

మోహన్‌కృష్ణ గిన్నె పట్టుకుని నిలబడి ఇంకొక తుమ్ము తుమ్మాడు. గడియారం పదీ ఇరవై చూపిస్తోంది.

"పిల్లలు రారు అత్తా" అంది పావని.

గట్టిగా అనలేదు. కొట్లోకొచ్చిన వాళ్లకి బెల్లం అయిపోయిందని చెప్పినట్టుగా అంది.

"ఏటన్నావు?"

"రారు."

"మొన్న అలాగేనన్నావు కాదేటి?"

"అన్నాను."

యర్రమ్మ చేతిలో గౌను నడుముకి ఆనించుకుని నిలబడింది. "ఎలగ సూస్తావే? తలకి నూనె రాసుకుని ఎన్నాల్లయింది నీకు? సోమారం నాడు ఈ గుంటడు నీ సెప్పులేసుకుని బడికెల్లాడు, సూసినావా? ఈ గుంట నీ ఎదరే కూకుని ముక్కులో పిక్కెట్టుకుంది, సూసినావా?"

"లేదు."

"మరి?"

పావని జవాబు కోసం వెతికింది. బిడ్డలంటే ప్రాణం అనో, వాళ్లు లేకుండా ఉండలేననో అనవచ్చు. అవేవీ ఆమెకు దొరకలేదు. లోపల ఇంకా తిమ్మిరిగానే ఉంది.

"అయినా రారు" అంది. వెళ్లి మళ్లీ రాతి ముందు కూర్చుని సుత్తి అందుకుంది.

"అమ్మా, ఉండనీ" అన్నాడు మోహన్‌కృష్ణ మెల్లగా. మొన్నటి నుంచీ ఆ విషయం మీద అతనన్న మొదటి మాట అది.

యర్రమ్మ కొడుకును ఎగాదిగా చూసి లోపలికి వెళ్లింది. సంచి తెచ్చి వసారాలో బోర్లించింది. తేజ నిక్కర్లు, దుర్గ గౌన్లు, తన రెండు చీరలు, పలక, మూడు బిస్కట్ పొట్లాలు, ఒక చెప్పు. చివర్న ధడాలున రెండు కిలోల ఇనప రాయి పడింది.

"ఇదేటిరా? పొద్దున్నుంచీ సంచి ఇంత బరువేటనుకుంతన్నాను."

"మీ ఊరి తూకం సరైందో కాదో మనకేటి తెలుసు మామ్మా?"

చిన్నమ్మలు కొంగు నోట్లో కుక్కుకుంది. యర్రమ్మ మూతి ఒక పక్కకి వంకర పోయింది గానీ నవ్వలేదు. పిల్లల బట్టలు మడతపెట్టి గోడవారన పెట్టింది. ఇనప రాయిని మనవడి చేతిలో పెట్టింది. తన చీరలు రెండూ మళ్లీ సంచిలో సర్దుకుంది. సంచి పక్క అరలోంచి కొబ్బరినూనె సీసా తీసి, మోకాలు పట్టుకుని పావని వెనకాల కూలబడింది.

కొప్పు విప్పి మాడు మీద ఇంత నూనె పోసింది. కోపం తగ్గని చేతులతో రుద్దింది. పావని తల ఆ చేతుల కింద ముందుకీ వెనక్కీ ఊగింది. చిక్కులు తియ్యకుండానే దువ్వెన పెట్టి లాగింది. కంట్లో నీళ్లు తిరిగేంత నొప్పి పుట్టింది. నొప్పి తెలిసినందుకు పావని కొంచెం ఆశ్చర్యపోయింది. రాతి మీద పండు పెట్టింది, కొట్టింది, పిక్కను పక్కకి నెట్టింది.

జడ వేసి, చివర బిగించి, యర్రమ్మ లేచింది. నూనె సీసాను తనతో తీసుకోలేదు. చింతపండు బుట్ట పక్కనే పెట్టింది. దుర్గ ముక్కును వేళ్లతో పట్టి రెండు పక్కలా లోపలికి చూసి వదిలింది.

ఆ ఇంట్లో గడప దాటేవాళ్లు ఎంత కోపమున్నా "ఎల్లొస్తాను" అనే దాటుతారు. యర్రమ్మ చెప్పులేసుకుంది. సంచి భుజాన తగిలించుకుంది. అంటుందేమోనని పావని ఎత్తిన సుత్తిని అలాగే పట్టుకుంది. మోహన్‌కృష్ణ వెంట వెళ్లబోతే ఆవిడ చెయ్యి అడ్డంగా ఊపింది. తర్వాత ఎవరివైపూ చూడకుండా, ఒక్క మాటా అనకుండా, కొట్టు మెట్లు దిగి బస్సు ఆగే చోటికి నడిచి వెళ్లిపోయింది.