కదలకుండా ఎక్కిన ఎత్తు

నేను ఒక ఆల్టిమీటర్‌ని. చిన్న విమానాల్లో పైలట్ ముందు గడియారంలా గుండ్రంగా కనిపిస్తాను. ఎంత ఎత్తులో ఎగురుతున్నామో చెబుతానని అందరి నమ్మకం. నిజానికి ఎత్తు సంగతి నాకేమీ తెలియదు. నాకు తెలిసింది గాలి ఒత్తిడి ఒక్కటే. నా పొట్టలో పల్చటి రేకు డబ్బీ ఉంది. ఒత్తిడి తగ్గితే అది ఉబ్బుతుంది, ముల్లు పైకి పోతుంది. నేల మీద ఇవాళ ఒత్తిడి ఎంతో మనుషులే నా మర తిప్పి చెప్పాలి. వాళ్లు తప్పు చెబితే నేనూ అంతే ధీమాగా తప్పు చెబుతాను.

నా మొదటి విమానం అలాగే పోయింది. బయట ఏమీ కనిపించని మబ్బుల్లో ప్రయాణం. పైలట్ బయలుదేరిన ఊరి ఒత్తిడే ఉంచేసి, దిగబోయే ఊరిది పెట్టడం మరిచాడు. కొండ తగిలే క్షణంలో కూడా నన్నే చూస్తున్నాడు పాపం. ఇంకా బోలెడు ఎత్తు ఉందంటున్నాను నేను. తర్వాత ఎవరో శిథిలాల్లోంచి నన్ను ఏరి, అద్దం మార్చి, పరీక్షించి, భేషుగ్గా ఉందని అమ్మేశారు. భేషుగ్గానే ఉన్నాను మరి.

అలా దాట్ల సూరపరాజుగారి విమానంలోకి వచ్చాను. ఆయన భీమవరం వైపు రొయ్యల చెరువుల ఆసామి. నాలుగు సీట్ల విమానం, సముద్రానికి దగ్గర్లో సొంత రన్‌వే, నడపడానికి కెప్టెన్ ఎస్తేరు. వాతావరణం చూసుకుని, దారి గీసుకుని, అనుకున్న చోట దిగలేకపోతే దిగడానికి ఇంకో ఊరు ఎంచుకుని, అక్కడిదాకా ఇంధనం సరిపోతుందని తేల్చుకుంటే గానీ ఆమె ఇంజను ముట్టుకోదు. రాజుగారు దాన్ని చాదస్తం కింద జమకట్టేవారు.

ఆ ఉదయం ఆయన ఆమె కంటే ముందే వచ్చి పక్క సీట్లో కూర్చున్నారు. హైదరాబాదు ఆసుపత్రిలో ఆయన అక్క బంగారాయమ్మగారు చివరి ఘడియల్లో ఉన్నారు. తల్లి పోయాక ఆయన్ని పెంచింది ఆవిడే. సముద్రంలో తుఫాను ఉంది కానీ, అది రాత్రికి ఉత్తరాన ఎక్కడో తీరం దాటుతుందని సూచన. రాజుగారు నా ముల్లు చూసి ముఖం చిట్లించారు. షెడ్డులో తాళ్లతో కట్టేసిన విమానం రెండొందల యాభై అడుగుల ఎత్తులో ఉందంటున్నాను! పైలట్లు రోజూ చేసే పనే ఆయనా చేశారు. మర తిప్పి నన్ను నేలకు దించేశారు.

ఎస్తేరు వచ్చి ముల్లు చూసి తల ఊపింది. తర్వాత, మరతో పాటు తిరిగి బాగా తగ్గిపోయిన ఒత్తిడి అంకెను నా చిన్న కిటికీలో చూసి ఆగిపోయింది.

"దీన్ని మీరు తిప్పారాండీ?"

"తప్పు చూపిస్తంటే సరిచేశానమ్మా. పద, పద."

"అది తప్పు కాదండి. ఒత్తిడి పడిపోతంది. తుఫాను మన మీదికే వస్తంది."

గోటితో నా అద్దం మీద తట్టింది. చక్రం కదల్లేదు, మేం మాత్రం అప్పుడే మరో ఇరవై అడుగులు ఎక్కాం.

"వెళ్లలేమండి. దిగడానికి ఏ ఊరు ఎంచుకున్నా ఇదే గాలివానలో ఉంటది."

"కారులో అందుకోలేనమ్మా. మా అక్క..." రాజుగారు సీటు బెల్టు పెట్టుకున్నారు.

"తెలుసండి," అంది ఎస్తేరు. ఇంజను మాత్రం ముట్టుకోలేదు.

మధ్యాహ్నానికి షెడ్డు రేకులు కొట్టుకోవడం మొదలైంది. రాజుగారు దిగనే లేదు. ఎస్తేరు ఆయన్ని వదిలి పోలేదు. చీకటి కమ్మిన షెడ్డులో, ఎక్కడికీ పోని విమానంలో ఇద్దరు మనుషులు కూర్చుని ఉంటే, నా ముల్లు నిదానంగా ఎక్కుతోంది. నాలుగు వందలు. ఆరు వందలు. ఎవరో మమ్మల్ని పైకి తీసుకుపోతున్నట్టే ఉంది. ఇన్నేళ్లలో నన్ను చూసి నేనెప్పుడూ భయపడలేదు. ఆ రోజు భయపడ్డాను.

ఫోన్ మోగింది. బంగారాయమ్మగారి కొడుకు. తమ్ముడు ఎక్కడున్నాడని ఆవిడ ఒకటే అడుగుతున్నారట. ఫోన్ ఆవిడ చెవి దగ్గర పెడుతున్నాడు.

రాజుగారు నా వంక చూశారు.

"వచ్చేస్తన్నానక్కా. విమానంలో ఉన్నాను. ఎనిమిది వందల అడుగులు... పైకి వెళ్తన్నామక్కా."

"భయంగా లేదు కదరా?" సన్నటి గొంతు.

ఆయన ఫోన్ పక్క సీటు వైపు జరిపారు. ఎస్తేరు ఫోన్ దగ్గరికి వంగింది.

"కెప్టెన్‌నండి. మబ్బులో ఉన్నామండి, బయటేం కనపట్టం లేదు. దారి నాకు తెలుసండి. మీ తమ్ముడి పక్కనే ఉన్నాను."

ఒక రేకు ఊడి ఎగిరిపోయింది. వాన లోపలికి కొట్టింది. రాజుగారు చొక్కాచేత్తో నా అద్దం తుడిచి మళ్లీ చదివారు.

"తొమ్మిది వందలక్కా. తొమ్మిది వందల యాభై."

"మావయ్యా," అన్నాడు అటువైపు మేనల్లుడు, "అమ్మ వినట్లేదు మావయ్యా."

"వెయ్యి," అన్నారు రాజుగారు.