ఒలుపు కాడ నా చోటు

చెనక్కాయలు ఒలిచే రోజుల్లో మా ఊళ్లో ఇల్లు పట్టుకుని కూర్చునే ఆడవాళ్లు రెండే రకాలు. ఒకరు పచ్చి బాలింత, రెండోది నేను. బాలింతకైనా పక్కలో బిడ్డ ఉంటుంది. నాకు మా ఆయన నల్లప్ప కూడా ఉండడు. ఎండాకాలం వచ్చేసరికి గొర్రెల్ని తోలుకుని నీళ్లున్న సీమకు పోయి, వానలు పడ్డాకే తిరిగొస్తాడు.

మాది ముదిగుబ్బ దగ్గర ఊరు. విత్తనానికి ఉంచుకున్న వేరుశనగ కాయల్ని మిషన్‌కు వేయం, పప్పు చిట్లితే మొలవదు. తొలివానకు ముందు ఆడవాళ్లంతా కలిసి ఈ రోజు నీ ఇంట్లో, రేపు నా ఇంట్లో అని చేత్తోనే ఒలుస్తాం. ఒలిచేది వేళ్లు, నోళ్లు ఖాళీయే కదా. ఎవరి కోడలు అలిగింది, ఎవరి అల్లుడు తాగొచ్చాడు, ఏడాది కబుర్లన్నీ ఆ ఇరవై రోజుల్లోనే తేలతాయి. గొప్పలు చెప్పుకోవడం కాదు గానీ, ముప్పై ఏళ్లుగా ఆ కబుర్లకు నేనే పెద్ద.

పోయినేడు రామప్ప ఇంట్లో ఒలుస్తుండగా ఆ దుమ్ముకు ఊపిరి అందక పడిపోయాను. ఉబ్బసం అన్నారు. డాక్టరమ్మ అర్చన నోట్లో పెట్టుకుని మందు పీల్చే పంపులు రెండు ఇచ్చింది. ఆరంజి రంగుది బాగున్నా బాగాలేకున్నా రోజూ పొద్దున, రాత్రి పీల్చి నోరు పుక్కిలించాలి. నీలం రంగుది ఛాతీ పట్టేసినప్పుడు. దాంతో పాటు ఒక చీటీ కూడా ఇచ్చింది. కాయల దుమ్ము, కట్టెల పొగ, సాంబ్రాణి, గొర్రెల కొట్టం, పీర్ల పండగ నిప్పులగుండం, వీటి దరికి పోకూడదట. ఇంటికొచ్చి ఆలోచిస్తే, అందులో ఉన్నవన్నీ నాకు మనుషులు దొరికే చోట్లే.

అన్నీ పాటించాను. ఒళ్లు బాగైంది. బాగవడంతోనే బుద్ధి గడ్డి తింది. రోగం లేనప్పుడు మందెందుకని ఉగాది నుంచి ఆరంజి పంపు మానేశాను. ఊళ్లోవాళ్లు మాత్రం ఊరుకున్నారా? "పంపును నువ్వు పట్టుకుంటే అది నిన్ను పట్టుకుంటాది" అని ఒకటే పాట. రోహిణి కార్తెలో ఒలుపు మొదలైంది. ముఖానికి తడి టవలు చుట్టుకుని, నీలం పంపును వక్కాకు తిత్తిలో దాచుకుని పోయి కూర్చున్నాను.

మూడు రోజులు స్వర్గం. నాలుగో రోజు మధ్యాహ్నం ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యాయి. ఏటా నా పక్కనే కూర్చునే స్నేహితురాలు నూర్జాన్ చెవి రిక్కించింది.

"ఏమక్కా, ఆ కూత నీదేనా?"

"నీళ్లు తాగొస్తా" అని లేచాను.

అందరి ముందు పంపు తీస్తే రేపటి నుంచి పిలవరని నా భయం. గోడ వెనక్కి పోయి తిత్తి తెరిచాను. కంగారులో పంపు ఊపలేదు, ఛాతీలో గాలి ముందు బయటికి వదల్లేదు, ఒకదాని మీద ఒకటి నొక్కేశాను. మందంతా నాలుక మీదే పడింది. కళ్లు బైర్లు కమ్మి నేల మీద వాలిపోయాను.

నూర్జాన్ వెనకే వచ్చింది. "పండుకోవద్దు, కూసో" అని గోడకు ఆనించి నిటారుగా కూర్చోబెట్టింది. పంపు లాక్కుని, ఊపి, నోట్లో పెట్టింది. "మెల్లంగా పీల్చు. బిగబట్టు. పది లెక్కపెడతాండా. ఇంగొకటి." ఆమె తమ్ముడు మీరావలి పరుపుల దూది ఏకి ఏకి ఇదే రోగం తెచ్చుకున్నాడు, అందుకే ఆమెకు తెలుసు. ఆటో వచ్చేలోగా నాలుగు సార్లు పట్టించింది. ఆడవాళ్లంతా చుట్టూ నిలబడి చూశారు. నా దాపరికం కాస్తా బట్టబయలైంది.

డాక్టరమ్మ నన్ను దులిపేసింది. "వాగు పొంగినాక గట్టు కడతావా అమ్మా? ఆరంజిది గట్టు. నీలంది మునిగినాక నీళ్లు తోడేదానికి. వారంలో రెండు సార్లకు మించి నీలంది కావాల్సొస్తే నా కాడికి రావల్ల. నాలుగు సార్లు పీల్చినా తగ్గకుంటే ఇంట్లో కూసోవద్దు, నేరుగా ఆస్పత్రికే." ఈసారి తల వంచుకుని విన్నాను.

మళ్లీ రోజూ మందు మొదలుపెట్టాను. పదిహేను రోజులు ఇంట్లోనే ఉన్నాను. సందు చివరి నుంచి నవ్వులు వినిపించేవి, ఎవరి మీద నవ్వుతున్నారో తెలిసేది కాదు. నా మూడు మూటల కాయలు మూలన అలాగే ఉన్నాయి. ఎవరింటి పనికీ పోనిదాని ఇంటికి ఎవరొస్తారు? విత్తనం పోతే పోనీ, నన్ను మరిచిపోయారేమోనన్నదే నా బాధ.

పదహారో రోజు పొద్దున్నే నూర్జాన్ వాకిట్లో నిలబడింది. "లేయక్కా, ఈ పొద్దు నీ కాయలే. ఇంట్లో గాదు, కల్లంలో."

ఏడుగురు ఆడవాళ్లు మూటలు మోసుకుని ఊరి బయటి కల్లంలో చేరారు. దుమ్ము లేవకుండా కాయల మీద నీళ్లు చిలకరించారు. విత్తనం తడిస్తే ఎలాగని నేనంటే, రెండు రోజుల్లో విత్తేదే కదా అన్నారు. మా దగ్గర ఆ రోజుల్లో పడమటి గాలి మనిషిని తోసేస్తుంది. వాళ్లు తూర్పున కూర్చుని, నన్ను పది బారల అవతల పడమర వైపు కూర్చోబెట్టారు. ఒలిచిన పప్పు గంపలో తెచ్చి పోస్తే పుచ్చులు ఏరడం నా పని. నీలం పంపును అందరికీ కనిపించేలా నా ముందే పెట్టించింది నూర్జాన్.

ఊపిరి హాయిగా ఆడింది. ఇంత మంచి చోటు ఎవరిస్తారు? కానీ గాలి నా నుంచి వాళ్ల వైపు పోతోంది. వాళ్ల మాట ఒక్కటీ నా దాకా రాలేదు. నోళ్లు కదలడం, ఒకరి తొడ మీద ఒకరు చరుచుకోవడం మాత్రం కనిపిస్తోంది. ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నప్పటి కంటే ఎక్కువ ఏడుపొచ్చింది.

గంప తెచ్చిన నూర్జాన్ నా ముఖం చూసింది. "ఏమాయె?"

"మీరేం చెప్పుకుంటాండారో నాకు ఇనపడలే."

ఆమె తన కొంగు ఎటు ఎగురుతోందో చూసుకుంది. "మాది నీకు ఇనపడదు గానీ, నీది మాకు బాగా ఇనపడతాది. నువ్వు చెప్పక్కా" అని పోయి కూర్చుంది.

గొంతు సవరించుకున్నాను. మా ఆయన పెళ్లిచూపులకు గొర్రెపిల్లను చంకనేసుకుని వచ్చిన సంగతి ఎత్తుకున్నాను. ఎక్కడా ఊపిరి తెగలేదు, దగ్గు రాలేదు, చివరిదాకా చెప్పాను. అటు ఏడుగురూ తలలు వెనక్కి వేసి నవ్వారు. ఆ నవ్వును గాలి తూర్పుకు మోసుకుపోయింది. నేను చూసి, ఇంకొకటి మొదలుపెట్టాను.